నీటితోటకు కత్తెర

దుబాయిలో గాని షార్జాలో గాని అద్దెయింట కాపురముండు తెలుగువాడు, బాల్కనీలోని కరివేపాకు మొక్క వేసవి వడగాడ్పులకు మాడిపోగా, ఇక పచ్చదనమన్నది ఏసీ నడచు గదిలోననే సాధ్యమని గ్రహించి, అద్దపుతొట్టెలో చేపలతోపాటు సజీవములైన నీటిమొక్కలను పెంచ మొదలిడుట నేనెరిగిన కొన్ని యిండ్లలో చూచుచున్నాను. ఈ వేడుక మెచ్చదగినదే. కాని మొక్కను కొనుటయందున్న ఉత్సాహము దానిని కోయుటయందు లేకపోవుటయే ఈ వేడుకగాండ్రపై నా అభియోగము.

అల్ వర్సాన్‌లోని పెంపుడు జంతువుల అంగళ్లలోనో, షార్జా పక్షుల మార్కెట్టులోనో దిర్హములు పోసి తెచ్చిన రోటాలాయో హైగ్రోఫిలాయో కొన్ని వారములలో నీటి పైతట్టునకు ఎగబ్రాకి, అచట అడ్డముగా పరచుకొని, తన క్రింది ఆకులకే వెలుతురు సోకనీయక కాడలను మోడులు చేసికొనగా, యజమాని "ఈ దేశపు నీరు మొక్కలకు పడదు" అని తీర్పు చెప్పి, మొత్తము పీకి పారవైచి, మరల అంగడికి బయలుదేరును. నీరేమి పాపము చేసినది? ఆ రెండు జాతులును మన దేశపు మడుగులలోను వరిపొలముల గట్లలోను తమంత తాము పెరుగునవే. వానికి కావలసినది కొత్త నీరు కాదు, కత్తెర.

కాడ కొనయందలి మొగ్గ ఆక్సిన్ అను హార్మోనును క్రిందికి పంపుచు ప్రక్కమొగ్గలను అణచియుంచును. కొన తెగినంతనే ఆ అదుపు తప్పి, క్రింది కణుపులనుండి రెండేసి చిగుళ్లు బయలువెడలును. మన మల్లెతోటల రైతు చలికాలమున జాలి విడిచి పొదలను కత్తిరించి వేసవిలో మొగ్గలు కోసికొనుట యిట్టిదే. కణుపునకు కొంచెము పైగా కోసి, జానెడు కొనను తీసికొని, అడుగు ఆకులను గిల్లివైచి, పట్టకారుతో రెండంగుళముల లోతున ఇసుకలో గ్రుచ్చినచో, వారము పదిదినములలో ఆకులు గిల్లిన కణుపులయొద్దనే తెల్లని వేళ్లు దారములవలె దిగుట అద్దముగుండ కనబడును. అన్నింటికిని ఒకే కోత పనికిరాదు. వాలిస్నేరియా ఇసుకపై తీగసాచి పిల్లను పెట్టును గనుక, ఆ పిల్ల నాలుగాకులు తొడిగి వేరూనిన పిమ్మటనే తీగను త్రెంపవలయును. అనుబియాస్, జావాఫెర్న్ అనువానికి అడ్డదుంపను ముక్కలుగా కోసి రాతికో కొయ్యకో దారముతో కట్టవలయును. దుంపను ఇసుకలో పూడ్చినచో క్రుళ్లును. క్రిప్టోకోరైన్ తావు మార్చినంతనే ఆకులన్నియు కరగిపోవును. చచ్చినదని పారవేయక వేరును కదల్పకున్నచో మరల చిగిర్చును.

జపాను దేశీయుడైన తకాషి అమానో లిస్బన్ ఓషనేరియమ్‌లో 2015లో నిర్మించిన 40 మీటర్ల జలవనమున సైతము మనుష్యులు నీట మునిగి మొక్కలను కత్తిరింపకున్నచో ఆ శోభ నిలువదు.

కోసిన తరువాత నీరు మార్చుట తప్పదు. ఏలయన ఆకులు తగ్గినప్పుడు పోషకములను పీల్చునవి తగ్గి, మిగిలినదానిని నాచు ఆక్రమించును. ఇచటనే ఎమిరేట్సు వేసవి అడ్డుపడును. సముద్రజలమును ఉప్పుతీసి జెబెల్ అలీ వంటి కేంద్రములనుండి పంపిన నీరు మేడమీది ట్యాంకులో కాగి, జులైలో చన్నీటి కుళాయి విప్పినను పొగలు గ్రక్కును. గీజరు మీట ఆర్పి, అందులో నిలిచి చల్లారిన నీటిని వేడినీటి కుళాయినుండి పట్టుకొనుట ఇచటి గృహిణులందరెరిగిన కిటుకు. చేపలకైనచో ఆ నీటిని బకెట్టులో పోసి, క్లోరిను విరుగుడు మందు కలిపి, రాత్రియంతయు గదిలోనుంచి మరునాడు వాడుట మేలు.

ఇక అసలు చిక్కు. కత్తెర పట్టినవానికి మొక్కలు మిగులును. మిగిలినవానిని పుణ్యమునకుబోయినట్లు అల్ ఖుద్రా చెరువులలోనో, కొండలలోని వాదీలను సెలయేటి లోయలలోనో విడుచుట దయ గాదు, ద్రోహము. ఫుజైరాలోని వాదీ వురయా 2009లో రక్షితప్రాంతమై, మరుసటి యేట అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాకెక్కినది. ఎడారిలో అట్టి తియ్యనీటి తావులు ఎన్నో లేవు. అలంకారమునకై బెంగాలునకు వచ్చిన గుర్రపుడెక్క కొల్లేటిని ఏమి చేసినదో తెలుగువానికి వేరుగ చెప్పవలెనా? సింహళమునుండి అక్వేరియం వర్తకులు ఫ్లోరిడాకు కొనిపోయిన హైడ్రిల్లా 1960 నాటికి అచటి నీళ్లలో బయటపడి, నేటికిని వదలలేదు. ఒక్క కణుపు ముక్క చాలును దానికి. పెట్టెలో దాచి ఊరికి పట్టుకుపోదమన్నను, 2003 నాటి భారతీయ మొక్కల క్వారంటైను ఉత్తర్వు అనుమతియు ఆరోగ్యపత్రమును లేని సజీవ సస్యమును రానీయదు.

చేతికందిన ఉపాయములు రెండే: ఇరుగుపొరుగునకిచ్చుట, లేదా ఎండలో పెళపెళలాడునట్లు ఆరవైచి చెత్తబుట్టలో పడవేయుట, ఇచటి ఎండకు ఆ పని ఒక్క పూటలో ముగియును. మూడవది అంగళ్లవారి చేతిలోనున్నది. మొక్కలమ్ము ప్రతి దుకాణమును ఒక తొట్టెను కోతలకై విడిచి, ఒకరు తెచ్చిన గుప్పెడు మరియొకరు తీసికొనిపోవు ఏర్పాటు చేయవలయుననియు, తొలి మొక్కను అమ్మునప్పుడే దానిని ఎచట కోయవలయునో వ్రేలుపెట్టి చూపవలయుననియు నేను కోరుచున్నాను. బేరము తగ్గునని వారి భయము కాబోలు. బ్రతికిన తొట్టె గలవాడే రేపు చేపలను, దీపములను, మేతను కొనవచ్చును, మొక్కలు చచ్చినవాడు తొట్టెనే అమ్మజూపును.