రక్తం ఇవ్వబోతే రక్తం లేదన్నారు

రక్తదాన శిబిరం ముగిశాక నిర్వాహకులు ప్రకటించే లెక్క ఒక్కటే: ఎన్ని యూనిట్లు వచ్చాయన్నది. వరసలో నిలబడి, వేలు గుచ్చించుకుని, ‘మీకే రక్తం తక్కువగా ఉంది, కొన్నాళ్లాగి రండి’ అనిపించుకుని వెళ్లిపోయినవారు ఎందరో ఎవరూ చెప్పరు. అనకాపల్లి జిల్లా దేవరాపల్లి లాంటి మండల కేంద్రంలో శిబిరం పెడితే, ఆ ఊరి ఆరోగ్యం సంగతి ఎక్కువగా తెలిసేది ఈ రెండో లెక్కలోనే. అది పైసా ఖర్చు లేకుండా జరిగిపోయిన రక్తహీనత పరీక్ష. దాని ఫలితాన్ని మాత్రం టెంటు విప్పేటప్పుడే వదిలేస్తున్నాం.

నిబంధన స్పష్టంగానే ఉంది. ఔషధాలు, సౌందర్య సాధనాల నిబంధనలకు 2020 మార్చిలో చేసిన సవరణ ప్రకారం దాత వయసు 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండాలి. బరువు 45 కిలోలకు, హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 12.5 గ్రాములకు తగ్గకూడదు. మగవారు 90 రోజులకు, ఆడవారు 120 రోజులకు ఒకసారి ఇవ్వవచ్చు. కొలిచే పద్ధతి కూడా తేలికే. రైతులకు బాగా తెలిసిన మైలుతుత్తాన్ని తగిన సాంద్రతలో కలిపిన నీలి ద్రావణంలో వేలి రక్తం ఒక చుక్క వదులుతారు. పదిహేను సెకన్లలోపు మునిగితే 12.5 దాటినట్టు, తేలిపోతే తగ్గినట్టు. ఇప్పుడు చాలాచోట్ల చేతిలో ఇమిడే మీటరు వాడుతున్నారు.

చిక్కు ఆ 12.5 దగ్గరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో గర్భిణి కాని స్త్రీకి 12, పురుషుడికి 13 గ్రాములకు తగ్గితే రక్తహీనత. మన నిబంధన ఇద్దరికీ ఒకే గీత గీసింది. దాంతో 12.2 ఉన్న ఆరోగ్యవంతురాలిని తిప్పి పంపుతున్నాం, 12.7 ఉన్న మగవాడికి రక్తహీనత ఉన్నా మంచమెక్కించి రక్తం తీస్తున్నాం. అమెరికా 2016 నుంచి మగ దాతల కనీస స్థాయిని 13కు పెంచింది. ఐరోపా దేశాల్లో అది 13.5. దాత క్షేమం దృష్ట్యా మనమూ ఈ గీతను మళ్లీ చూసుకోవాలి.

ఇక ఆ గీత దగ్గర ఆగిపోతున్నది ఎవరు? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి, పురుషులలో 16.4 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు సర్వేలో స్త్రీలలో ఇది 60 శాతం. అంటే ఏళ్లు గడిచినా పెద్ద మార్పు లేదు. దానం గీత స్త్రీల రక్తహీనత గీతకన్నా అర గ్రాము ఎక్కువ కాబట్టి ఆ లెక్కన పదిమంది స్త్రీలలో కనీసం ఆరుగురు శిబిరం గడప దాటలేరు. వేలి చుక్కతో కొలిస్తే సంఖ్య పెరిగి కనిపిస్తోందన్న అభ్యంతరమూ ఉంది. అందుకే ఆ తర్వాతి సర్వేలో ఈ పరీక్ష పక్కన పెట్టి, నరం నుంచి రక్తం తీసి కొలిచే వేరే సర్వేకు అప్పగించారు. అదే వేలి చుక్కతో శిబిరంలో వెనక్కి పంపినవారికీ ఆస్పత్రిలో మళ్లీ పరీక్ష అవసరమని దీని అర్థం.

రక్తం ఇచ్చినవారి సంగతీ చూడాలి. 350 మిల్లీలీటర్ల రక్తంతో పాటు ఒంట్లోంచి సుమారు 150 నుంచి 175 మిల్లీగ్రాముల ఇనుము పోతుంది. రోజూ తినే తిండి నుంచి ఒంటబట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. హిమోగ్లోబిన్ కొన్ని వారాల్లో కోలుకున్నా, అడుగున ఇనుము నిల్వ నిండడానికి నెలలు పడుతుంది. 2015లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, మాత్రలు వేసుకోని దాతల్లో మూడింట రెండు వంతుల మందికి 168 రోజులైనా ఇనుము నిల్వలు పూర్వస్థితికి రాలేదు. మన శిబిరాల్లో పండ్లరసం, బిస్కెట్లు, ప్రశంసాపత్రం ఇస్తారు. చౌకగా దొరికే ఐరన్ మాత్ర ఇవ్వరు.

ఇంతకీ రక్తం ఎందుకు తగ్గుతోంది? శారదా నదిపై రైవాడ జలాశయం, చుట్టూ చెరకు, వరి, ఎగువన అనంతగిరి కొండలు ఉన్న మండలం దేవరాపల్లి. బెల్లం తింటే రక్తం పడుతుందన్న నమ్మకం అనకాపల్లి బెల్లం మార్కెట్‌కు ఇంత దగ్గరలో బలంగా ఉండడం సహజమే. బెల్లంలో కొంత ఇనుము ఉంది కానీ రక్తహీనత తీర్చే మోతాదులో తినాలంటే చక్కెర జబ్బే ముందొస్తుంది. ఒకప్పుడు ఇళ్లలో చోడి, గంటెల అంబలి ఉండేది. ఇప్పుడు మూడు పూటలా పాలిష్ బియ్యం, అన్నం తిన్న వెంటనే టీ. టీలోని పదార్థాలు ఉన్న కాస్త ఇనుమునూ ఒంటబట్టనివ్వవు. వీటికి తోడు నెలసరి, వెంటవెంటనే కాన్పులు, చెప్పుల్లేని కాళ్లతో పొలం పనిలో అంటుకునే కొంకి పురుగులు. కొండ ఊళ్లలో సికిల్ సెల్, తలసీమియా లక్షణాలూ ఉంటాయి. అక్కడ ఐరన్ ఒక్కటే మందు కాదు. మగవాడికి రక్తం తగ్గిందంటే కడుపులో పుండు గానీ, మొలలు గానీ రక్తం కారుస్తున్నాయేమో చూడాలి. ‘ఆకుకూరలు తినండి’ అన్న ఒక్క సలహా వీటన్నిటికీ జవాబు కాదు.

ప్రభుత్వ కార్యక్రమం లేదని కాదు. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ పసిపిల్లలు, బడిపిల్లలు, కౌమారులు, ప్రసవ వయసు స్త్రీలు, గర్భిణులు, బాలింతలు అనే ఆరు వర్గాలకు మాత్రలు, మందులు ఇస్తుంది. అయితే ఇరవై దాటిన మగవాడు ఆ జాబితాలోనే లేడు. బడి వదిలి ఇంకా గర్భిణి కాని యువతి జాబితాలో ఉన్నా, ఆమెకు మాత్ర కచ్చితంగా చేరుతుందన్న భరోసా లేదు. బడికి టీచరు, గర్భిణికి ఏఎన్ఎం ఉన్నారు. మధ్యలో ఉన్నవారిని అలా పట్టించుకునేవారు తక్కువ. రక్తదాన శిబిరానికి వచ్చేది సరిగ్గా ఈ మధ్యవారే.

కాబట్టి శిబిరంలో ఇంకో టేబుల్ వేయాలి. అక్కడ ఏఎన్ఎం గానీ, గ్రామ ఆరోగ్య కేంద్రం ఉద్యోగి గానీ కూర్చోవాలి. వెనక్కి పంపిన ప్రతి ఒక్కరికీ హిమోగ్లోబిన్ ఎన్ని గ్రాములో రాసిన చీటీ ఇచ్చి, పీహెచ్‌సీలో పూర్తి రక్త పరీక్షకు తేదీ వేయాలి. ఇనుము లోపమని తేలితే మాత్రలు మొదలుపెట్టి, మలం నల్లబడితే భయపడొద్దని, హిమోగ్లోబిన్ పెరిగాక కూడా నిల్వ నిండేందుకు మరికొన్ని నెలలు వాడాలని చెప్పాలి. రక్తం ఇచ్చినవారికీ కొన్ని వారాల మాత్రలు ఇవ్వాలి. ఎవరిని ఎందుకు తిప్పి పంపారో బ్లడ్ బ్యాంకు రిజిస్టర్‌లో ఎలాగూ రాస్తారు. ఆ పేజీని జిల్లా వైద్యారోగ్య శాఖ చేతికి అందించడమే కొత్తగా చేయాల్సిన పని.

రక్త సేకరణ సంస్థలకు ఇది అదనపు భారం అనవచ్చు. కానీ వేసవిలో కాలేజీలు మూతపడగానే యూనిట్ల కోసం వెతుక్కునేది వాళ్లే. దేశంలో రక్తదాతల్లో స్త్రీలు పదో వంతు కూడా లేరు. ధైర్యం చేసి వచ్చిన అమ్మాయికి 12.5 చేరే దారి చూపకుండా ఇంటికి పంపేసి, ఆడవాళ్లు ముందుకు రావడం లేదని వేదికల మీద వాపోవడం న్యాయం కాదు.