అక్కరకు వచ్చే కోడు ముక్కలు

దర్జీ ప్రతి చొక్కాకూ కాలరును కొత్తగా ఊహించడు. ఒకసారి సరిగ్గా కుదిరిన ఆకారాన్ని అట్టముక్కగా కత్తిరించి దాచుకుంటాడు. అవసరమైనప్పుడల్లా గుడ్డపై పరచి గీసుకుంటాడు. ప్రోగ్రాములు రాసేవారికీ ఇటువంటి దాపు ఉండాలి. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని బాసర ఆర్‌జీయూకేటీలో చదువుతున్న, కరీంనగర్ ఐటీ టవర్‌లో కొలువు ఆశిస్తున్న మన పిల్లలకు ఈ మాట చెప్పదలచాము.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1949లో కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ యంత్రం పని ప్రారంభించాక, పదే పదే అవసరమయ్యే గణన భాగాలను రంధ్రాల కాగితపు పట్టీలపై భద్రపరచి గ్రంథాలయంలా అమర్చుకున్నారు. 1951లో విల్క్స్, వీలర్, గిల్ ఆ పద్ధతిని పుస్తకంగా వెలువరించారు. అంతకు 1100 ఏళ్లకు పూర్వమే బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వారసత్వ పంపకం, వ్యాపారం, భూమి కొలతల వంటి నిత్యావసరాలకు పనికివచ్చే లెక్కల విధానాలను క్రమబద్ధంగా రాసిపెట్టారు. 'అల్గారిథమ్' అన్న మాట ఆయన పేరు నుంచే పుట్టింది.

ఏవి దాచుకోవాలి? తేదీని రోజు, నెల, సంవత్సరం క్రమంలో చూపడం, రూపాయల అంకెలకు లక్షలు, కోట్ల చొప్పున కామాలు పెట్టడం, ఫోను నంబరులో పది అంకెలున్నాయో లేదో సరిచూడడం, జాబితాలో రెండుసార్లు వచ్చిన పేర్లను తొలగించడం వంటివి.

అయితే అర్థం చేసుకోకుండా దాచిన ముక్క ప్రమాదకరం. నాలుగుతో భాగించి మాత్రమే లీపు సంవత్సరాన్ని తేల్చే కోడు 2000కు సరైన జవాబే ఇస్తుంది. 1900కు, 2100కు తప్పు చెబుతుంది. నూరుతో భాగింపబడే సంవత్సరం 400తోనూ భాగింపబడితేనే లీపు. ముక్కలో ఉన్న తప్పు దానిని వాడిన ప్రతి ప్రోగ్రాములోకీ పాకుతుంది.

కనుక ప్రతి ముక్క పక్కన మూడు సంగతులు రాసుకోవాలి: అది ఏ పనికి, ఏ అంకెలతో పరీక్షించారు, ఎవరి నుంచి తీసుకున్నారు. ఇతరులదైతే వారి షరతులను పాటించడం అమానతును కాపాడడమే. పాస్‌వర్డులను అందులో ఎన్నడూ ఉంచరాదు. వివరణ తెలుగులోనే రాయవచ్చు. దానిని చదివేది యంత్రం కాదు, మనిషి.

తల్లిదండ్రులకు కోడు తెలియనక్కరలేదు. "ఇది ఏం చేస్తుందో చెప్పు బిడ్డా" అని అడిగితే చాలు. చెప్పగలిగితే అది ఆ బిడ్డ విద్య. చెప్పలేకపోతే అది ఇంకా అరువు సొమ్మే.