పెరటి కోడి కూడా అమానతే

పల్నాటి పల్లెలలో పెరటిలో అయిదారు పెట్టలుంటే పిల్లలకు పౌష్టికాహారము, ఇల్లాలికి చేతిఖర్చు సమకూరుతాయి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ రూపొందించిన ‘గ్రామప్రియ’ నాటుపెట్టకంటే రెట్టింపుకు మించి గుడ్లు పెడుతుంది.

కొక్కెర తెగులు సోకిన పిదప మందు లేదు. అందుచేత మొదటి వారములో లసోటా చుక్కలు, 8వ వారములో ఆర్‌2బి టీకా తప్పక వేయించాలి. తోలుగుడ్లు పెడుతుంటే మేతలో ఆల్చిప్పల పొడి కలపాలి.

రెంటచింతల ఎండలు మనకు తెలియనివి కావు. నీడ, నీరు లేక కోడి నోరు తెరచి రొప్పుతుంటే, గుడ్లు లెక్కించుకునే మనమే అల్లాహ్ ఎదుట జవాబుదారులము. పిల్లిని బంధించి, తిండి పెట్టక చంపిన స్త్రీ నరకశిక్షకు గురైనదని దైవప్రవక్త (స) హెచ్చరించారు. గూటిలో మూసిన కోడి విషయమూ అంతే.

ఫజ్ర్ నమాజు కాగానే ముందు నీటిపాత్ర నింపండి. గుడ్లు ఆ తరువాత ఏరుకోవచ్చు.