మేండక్ షౌక్ కాదు, అమానత్



పిట్టలయ్యాయి, చేపలయ్యాయి, ఇప్పుడు మన పిల్లల కొత్త ఫర్మాయిష్ కప్ప. ఫోన్లో రంగురంగుల కప్పల వీడియోలు చూసి "అబ్బా, నాకూ ఒకటి కావాలి" అని జిద్ పడుతున్నారు. "ఛీ, గందీ చీజ్, ఇంట్లోకి తెస్తే ఊరుకోను" అని దాదీమా ఒకవైపు. "చిన్న డబ్బాలో ఇస్తారట, తెచ్చేస్తే పోలా" అని అబ్బా ఇంకోవైపు. నా రాయ్ ఇద్దరికీ నచ్చకపోవచ్చు. కప్పను పెంచుకోవడంలో ఐబ్ లేదు. కానీ ముచ్చటపడి ఒక్క సాయంత్రంలో కొనితెచ్చే వస్తువు కాదది.

ముందు దీన్ సంగతి. కప్పను మందులో వాడొచ్చా అని ఒక తబీబ్ అడిగితే, రసూలుల్లాహ్ (సల్లల్లాహు అలైహి వసల్లం) దాన్ని చంపొద్దని మనా చేసినట్టు సునన్ అబూ దావూద్‌లో రివాయత్ ఉంది. అబూ ఉమైర్ అనే చిన్న పిల్లాడు పెంచుకున్న పిట్ట చనిపోతే, ఆయన ఆ పిల్లాణ్ణి ప్యార్‌తో పలకరించారే గానీ పిట్టను ఎందుకు పెంచావని కోప్పడలేదు. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక చంపిన ఔరత్‌కు అజాబ్ వచ్చిందన్న హదీస్ మనందరం విన్నదే. ఈ మూడూ కలిపి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: పెంచుకోవడం జాయెజే, కానీ ఆ బేజుబాన్ ఆకలికి, దాహానికి, తక్లీఫ్‌కు జవాబ్ చెప్పాల్సింది మనమే. అన్నట్టు, కప్పను ముట్టుకుంటే వుజూ పోదు. చేతులు కడుక్కోవాల్సింది సెహత్ కోసం. కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలను దాని దగ్గరికీ, దాని నీళ్ల దగ్గరికీ రానివ్వకూడదు.

ఇక ఏ కప్ప? దుకాణాల్లో ఎక్కువగా చూపించేది ప్యాక్‌మ్యాన్ కప్ప. దక్షిణ అమెరికాది. ఒంట్లో సగం నోరే ఉన్నట్టు ఉంటుంది. రోజంతా కొబ్బరిపొట్టులో కూరుకుపోయి కదలదు. కదిలేది ఏదైనా మింగబోతుంది, తోటి కప్పనైనా, పిల్లాడి వేలినైనా. చోటు తక్కువ సరిపోతుంది కాబట్టి తేలిక అంటారు. నిజమే, కానీ పది రోజులకే పిల్లాడికి విసుగొస్తుంది, ఆ కప్ప మాత్రం పదేళ్లు బతుకుతుంది. ఆ పదేళ్లు ఎవరి జిమ్మా?

రెండోది ఆఫ్రికన్ డ్వార్ఫ్ కప్ప. రెండంగుళాలు కూడా ఉండదు, పూర్తిగా నీళ్లలోనే ఉంటుంది, గాలి కోసం పైకొచ్చి పోతుంటుంది. అక్వేరియం నడిపిన ఇంటికి ఇది ఆసాన్. చేత్తో పట్టుకునేది కాదు, చూసి ఆనందించేది. మెరిసే డార్ట్ కప్పలంటారా, కొత్తవాళ్లు వాటి జోలికి పోకపోవడమే మేలు. వాటికి చిన్న చిన్న ఈగలను ఇంట్లోనే పెంచి వేయాలి, గాలిలో తేమ ఎప్పుడూ తగ్గకూడదు.

నా ఓటు వైట్స్ ట్రీ కప్పకే. ఆస్ట్రేలియా, న్యూగినీలది. ఆకుపచ్చగా, బొద్దుగా, మూడు నాలుగు అంగుళాలు ఉంటుంది. మిజాజ్ నెమ్మది, గోడలెక్కుతుంది, కొత్తవాళ్ల చిన్న చిన్న లోపాలను మిగతావాటికంటే బాగా తట్టుకుంటుంది. వెడల్పు కంటే ఎత్తు ఎక్కువున్న గాజు పెట్టె, ఎక్కడానికి కొమ్మలు, మంచి మూత కావాలి. కానీ ఇది పదిహేనేళ్లు, అంతకంటే ఎక్కువ కూడా బతకొచ్చు. ఏడేళ్ల పిల్లాడికి కొనిస్తే వాడు డిగ్రీ చదివేదాకా ఉంటుంది. మగదైతే రాత్రిపూట అరుస్తుంది, తహజ్జుద్‌కు లేపినా లేపుతుంది!

ఇప్పుడు అసలు మష్వరా. కప్ప చర్మంతోనే నీళ్లు తాగుతుంది, చర్మంతో కూడా గాలి పీలుస్తుంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ దానికి జహర్, అది తీసేసిన నీళ్లే పోయాలి. సబ్బు, శానిటైజర్, అత్తర్ అంటిన చేతులతో ముట్టుకోకూడదు. మన ఇళ్లలో జుమేరాత్ సాయంత్రం లోబాన్ పొగ వేస్తాం, దోమల చక్రం వెలిగిస్తాం, బొద్దింకల మందు కొడతాం. ఆ గదిలో కప్ప ఉండకూడదు. బయటి దేశాల కితాబుల్లో హీటర్ గురించి రాస్తారు. డల్లాస్, షికాగోల్లోని మనవాళ్లకు చలికాలంలో అది అవసరమే. హైదరాబాద్, కర్నూలు ఇళ్లలో ముసీబత్ మే నెల ఎండ, అందులో కరెంటు కోత. ఆ వేడిలో గదిని చల్లగా ఉంచలేకపోతే కొనొద్దు.

తిండి బతికున్న చిమ్మెటలు, క్యాల్షియం పొడి అద్ది వేయాలి. దాని రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు వేయకూడదు. "పురుగులను తినిపించడం జుల్మ్ కాదా" అనేవాళ్లున్నారు. అల్లాహ్ దానికి రాసిన రిజ్‌ఖ్ అదే, అన్నం మెతుకులు కావు. ఉమ్రాకు వెళ్తే, ఈద్‌కు ఊరెళ్తే ఈ పని ఎవరు చేస్తారో కొనకముందే తేల్చుకోండి. కప్పలకు వైద్యం తెలిసిన డాక్టర్ మీ ఊళ్లో ఉన్నాడా అన్నది కూడా.

కొనేటప్పుడు అడవిలో పట్టింది కాకుండా పెంపకంలో పుట్టిందే కావాలని అడగండి. పొలాల్లోని బోదురుకప్పలను పట్టి తేవొద్దు. వాటి కాళ్ల కోసం కోట్ల కప్పలను చంపి ఎగుమతి చేస్తుంటే, పురుగులను తినే కప్పలు లేక పంటకు నుక్సాన్ అవుతుందని 1987లో మన ప్రభుత్వమే ఆ వ్యాపారాన్ని ఆపింది. విసుగొచ్చి కొన్న కప్పను చెరువులో వదలడం ఇంకా పెద్ద తప్పు. దాని రోగం మన కప్పలకు అంటుతుంది.

చివరగా ఒక షరతు. కప్ప లేకుండా ఖాళీ పెట్టెను నెల రోజులు నడిపించండి. పిల్లాడు రోజూ నీళ్లు మార్చి, తేమ చూసి, తుడిచాడా? అప్పుడు బిస్మిల్లాహ్ అనండి. పెట్టె మూలన పడిందా? అయితే బారిష్ రోజుల్లో పెరట్లో ఒక పళ్లెం నీళ్లు పెట్టి, మందులు కొట్టడం ఆపండి. కప్పలు వాటంతటవే వస్తాయి, ఇన్‌షాఅల్లాహ్. పిల్లాడికి రహమ్ నేర్పే తర్బియత్ అక్కడ కూడా దొరుకుతుంది.