మ్యూజియాలకూ మార్కులు వేయాలి

మ్యూజియాలకు కూడా ఏటా బహుమతులిస్తారని చెబితే మా హాస్టల్ మిత్రులు పకపకా నవ్వారు. "విరిగిన విగ్రహాలకీ, చిల్లుపడ్డ కుండలకీ ఫస్ట్ ప్రైజా?" అన్నాడొకడు. కాని మిత్రులారా, ఆ బహుమతి దేనికిస్తారో తెలిస్తే ఆ నవ్వు ఆగిపోతుంది.

బ్రిటన్‌లో 1973లోనే ఇటువంటి బహుమతి ఒకటి మొదలయింది. 1977లో కెన్నెత్ హడ్సన్ అనే పాత్రికేయుడు యూరప్ దేశాలన్నిటికీ కలిపి మరొకటి ప్రారంభించాడు. ఎవరి దగ్గర ఎంత విలువైన వస్తువులున్నాయన్నది కాదు ఆయన ప్రశ్న. లోపలికొచ్చిన మామూలు మనిషికి ఏం దక్కింది? అదీ ఆయన కొలబద్ద.

ఆ మొదటి ఏడాది బహుమతి ఏ రాజప్రాసాదానికీ పోలేదు. ఇంగ్లండులో ఐరన్‌బ్రిడ్జ్ అనే చోట పాత ఇనుప కొలుములనూ, 1779 నాటి ఇనుప వంతెననూ కాపాడుతున్న మ్యూజియానికి దక్కింది. 2014లో ఇస్తాంబుల్‌లోని ఒక ఇంటికి వచ్చింది. నవలాకారుడు ఓర్హాన్ పాముక్ తన నవలలోని మనుషులు వాడిన వస్తువులంటూ అక్కడ పేర్చి పెట్టినవన్నీ మామూలు సామానులే. 4,213 సిగరెట్ పీకలు కూడా ఉన్నాయందులో!

డబ్బున్న పెద్ద సంస్థలే గెలుస్తాయిగా అంటారా? ఆ మాటా కొంత నిజమే. 2015లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం గెలిచింది. అయితే 2020లో, కరోనా రోజుల్లో, బ్రిటన్‌లో 2 లక్షల పౌండ్లను ఐదు మ్యూజియాలకు సమంగా పంచారు. లండన్ సైన్స్ మ్యూజియం పక్కనే స్కాట్లండులో పాత బంకరులో నడిచే గేర్‌లాక్ అనే పల్లె మ్యూజియం కూడా నిలబడింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మొన్న సెలవుల్లో మా నాయనమ్మను ఒక మ్యూజియానికి తీసుకెళ్లాను. ఆవిడ తిరగలి ముందు ఆగిపోయింది. దాని కింద చీటీ మీద ఒక నంబరు, ఇంగ్లీషులో ఒక పేరు, అంతే. ఎవరిదో, ఏ ఊరిదో లేదు. నాయనమ్మ తిరగలి ఎలా తిప్పేవారో, తెల్లవారుజామున ఏం విసిరేవారో చెబుతూంటే ఎవరి పిల్లలో నలుగురు చుట్టూ చేరారు. ఇంతలో కాపలా మనిషి వచ్చి "నిలబడకండమ్మా, నడవండి" అన్నాడు.

అతన్నని లాభం లేదు. అతనికిచ్చిన ఉద్యోగం వస్తువులను కాయడమేగాని, మనుషులను ఆదరించడం కాదు. ఆ వేళ హడ్సన్ కొలబద్దతో కొలిస్తే ఆ మ్యూజియానికి సున్నా, మా నాయనమ్మకు నూటికి నూరు!

మన జిల్లాల్లోనూ ఏటా ఈ పరీక్ష పెట్టాలని నా అభిప్రాయం. చీటీ తెలుగులో ఉందా? ముసలివాళ్లు కూర్చోవడానికి బల్ల ఉందా? అడిగితే చెప్పేవాళ్లున్నారా? మార్కులు వేయడానికి పెద్ద పండితులే అక్కర్లేదు, మనం చాలు. ఈ సెలవుల్లో మీ ఊరి మ్యూజియానికి వెళ్లండి. ఒంటరిగా కాదు, ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి.