ఇంటర్న్‌షిప్‌కు హైదరాబాదే దిక్కన్న వాదం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో బీఎస్సీ చదివే విద్యార్థికి ఆరోగ్యరంగంలో ఇంటర్న్‌షిప్ కావాలంటే హైదరాబాదు కార్పొరేట్ ఆసుపత్రే దిక్కని, అక్కడ చోటు దొరకనివారు ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి ఏదో ఒక సర్టిఫికెట్ తెచ్చుకుని క్రెడిట్లు నింపుకోక తప్పదని ఒక అభిప్రాయం కళాశాలల్లోనూ ఇళ్లలోనూ గట్టిగా పాతుకుపోయింది. చిన్న పట్టణంలో చూసి నేర్చుకోవడానికి ఏముంటుందన్న చిన్నచూపు దీనికి మూలం. ఈ అభిప్రాయం వాస్తవానికి విరుద్ధమైనది. పైగా పేద విద్యార్థికి చేతికందే అవకాశాన్ని దూరం చేసి, బోధించవలసిన కళాశాలను బాధ్యత నుంచి తప్పిస్తుంది కాబట్టి దీన్ని మాటవరసకైనా ఒప్పుకోవడానికి వీల్లేదు.

ముందుగా ఈ చర్చ ఎవరి ఇంటర్న్‌షిప్ గురించో తేల్చుకోవాలి. ఎంబీబీఎస్ విద్యార్థికి జాతీయ వైద్య కమిషన్ 2021 నిబంధనల ప్రకారం విభాగాలు మారుతూ 12 నెలలు పనిచేసే నిర్బంధ ఇంటర్న్‌షిప్ ఉన్నది. బీఎస్సీ నర్సింగ్‌లో ఎనిమిదో సెమిస్టరును, ఫార్మ్-డీలో ఆరో సంవత్సరాన్ని అందుకే కేటాయించారు. వారికి చదువుతోపాటే ఆసుపత్రి కూడా వస్తుంది. వెతుకులాట అంతా బీజడ్‌సీ, అంటే వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు కలిపి చదువుతూనో, సూక్ష్మజీవశాస్త్రం చదువుతూనో, రేపు ల్యాబులోనో ప్రజారోగ్యంలోనో ఔషధ పరిశ్రమలోనో స్థిరపడదలచిన సాధారణ డిగ్రీ విద్యార్థిది. కోదాడ కె.ఆర్.ఆర్., మిర్యాలగూడ కె.ఎన్.ఎం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల వంటి చోట్ల జీవశాస్త్రాలు చదివేవారు ఈ కోవకు చెందినవారే.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2022 డిసెంబరులో ప్రకటించిన డిగ్రీ పాఠ్యప్రణాళిక చట్రం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు నిర్ణయించి, అందులో ఇంటర్న్‌షిప్‌కు 2 నుంచి 4 క్రెడిట్ల స్థానం కల్పించింది. క్రెడిట్ అంటే విద్యార్థి ఒక అంశంపై వెచ్చించిన శ్రమకు కొలమానం. ఇంటర్న్‌షిప్‌లో ఒక క్రెడిట్‌కు 30 గంటల పని చేయాలి. కాబట్టి కావలసినది 60 నుంచి 120 గంటలు, రోజుకు ఆరు గంటల చొప్పున 10 నుంచి 20 రోజులు మాత్రమే. ఈ కొద్ది రోజుల కోసం సూర్యాపేట విద్యార్థి సుమారు 135 కిలోమీటర్లు, కోదాడ విద్యార్థి అంతకన్నా ఎక్కువ దూరం వెళ్లి, హాస్టలు ఖర్చు, చార్జీలు భరించి, తెలియని నగరంలో ఉండవలసి వస్తే ఎవరు వెళ్లగలరో, ఎవరు ఆగిపోతారో ఊహించడం కష్టం కాదు. ఆడపిల్లను పంపడానికి ఇంట్లో వెనకాడేవారు, సెలవుల్లో కూలికి పోయి ఫీజు సమకూర్చుకునేవారు ఆగిపోతారు.

పోనీ, అంత కష్టపడి వెళ్లినవారికి అక్కడ దక్కేది ఏమిటి? డిగ్రీ విద్యార్థి నమోదైన వైద్యవృత్తి నిపుణుడు కాడు. అతడు సూది వేయకూడదు, రోగిని పరీక్షించకూడదు, మందు చెప్పకూడదు. కనుక అతని ఇంటర్న్‌షిప్ ప్రధానంగా పరిశీలన, నమోదు, విశ్లేషణ. వందలాది పడకలతో, విభాగాలు గోడలు కట్టినట్టు విడిపోయి ఉండే పెద్ద ఆసుపత్రిలో అతనికి సాధారణంగా దొరికేది రికార్డుల గదిలోనో రిసెప్షన్‌లోనో ఒక మూల. వ్యవస్థ మొత్తం చూసే వీలు అక్కడ తక్కువ. ఏరియా ఆసుపత్రిలో మాత్రం ఓపీ చీటీ రాసే కిటికీ, రక్తం తీసే బల్ల, ల్యాబు, మందుల కౌంటరు నాలుగడుగుల దూరంలో ఉంటాయి. ఒక రోగి దారిని మొదటి నుంచి చివరి వరకు ఒక్క ఉదయంలో గమనించవచ్చు.

డెంగీ రోజుల్లో జరిగే సీబీపీ పరీక్షనే తీసుకుంటే ఈ మాట స్పష్టమవుతుంది. రక్తకణాల లెక్క కోసం ఊదారంగు మూత ఉన్న గొట్టంలో రక్తం తీస్తారు; రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ అనే రసాయనం అందులో ఉంటుంది. తీసిన వెంటనే గొట్టాన్ని మెల్లగా తిరగేసి కలపకపోతే లోపల సన్నని గడ్డలు ఏర్పడతాయి, ప్లేట్‌లెట్లు వాటిలో చిక్కుకుంటాయి, యంత్రం ఉన్నదానికన్నా తక్కువ లెక్క చూపుతుంది. ఆ అంకె చూసి బెంబేలెత్తిన కుటుంబం అప్పు చేసి కారు మాట్లాడుకొని పట్నం బయలుదేరవచ్చు. ఈడీటీఏ కాల్షియాన్ని బంధిస్తుందని తరగతిలో చదివిన విద్యార్థి, ఆ ఒక్క వాక్యం ఒక ఇంటి ఆర్థికస్థితిని ఎలా తాకుతుందో ఈ బల్ల దగ్గర నిలబడి తెలుసుకుంటాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు నిల్వచేసే శీతల పెట్టె ఉష్ణోగ్రత 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉన్నదో లేదో రోజుకు రెండుసార్లు చూసి పుస్తకంలో రాయాలి; ఒక నెల పుటలను వరుసగా చదివి, ఎక్కడ ఖాళీలు ఉన్నాయో, కరెంటు పోయిన రోజున ఏమి చేశారో గుర్తించడం డిగ్రీ స్థాయికి తగిన అసలైన పరిశోధన.

పైగా ఈ మూడు పట్టణాల పరిసరాల్లో ఆరోగ్య ప్రశ్నలకు కొదవ లేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లుల్లో ఊక దుమ్ము పీల్చే హమాలీలు, కోదాడకు చేరువలోని మేళ్లచెరువు, హుజూర్‌నగర్ ప్రాంతాల సిమెంటు కర్మాగారాల్లో పనిచేసేవారు, సూర్యాపేట, కోదాడలను కలుపుతూ పోయే 65వ నంబరు జాతీయ రహదారిపై ప్రమాదాలకు గురయ్యేవారు ఇక్కడి ఆసుపత్రులకే మొదట వస్తారు. 2019లో సూర్యాపేటలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైనందువల్ల బోధనాసుపత్రి కూడా జిల్లాకు దక్కింది. గుండె శస్త్రచికిత్స విభాగాలో, అవయవ మార్పిడి కేంద్రాలో చూడాలంటే నగరానికి వెళ్లాల్సిందే, అందులో సందేహం లేదు. అయితే ఆ రంగాల్లో ప్రత్యేక శిక్షణ పొందేవారికి అది తరువాతి దశ, 60 గంటల తొలి పరిచయానికి షరతు కాదు.

ప్రభుత్వ ఆసుపత్రులు రద్దీగా ఉంటాయని, సిబ్బందికి తీరిక ఉండదని చెప్పే అభ్యంతరం మాత్రం బలమైనది. ముప్పైమందిని ఒకేసారి తోలితే ఆసుపత్రికి భారం, రోగికి ఇబ్బంది, విద్యార్థికి శూన్యం. అందుకే ఒక్కో విభాగానికి ఇద్దరు ముగ్గురిని మించకుండా వంతులవారీగా పంపాలి. వెళ్లేముందు హెపటైటిస్-బి టీకా వేయించాలి. 2016 జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం ఏ రంగు డబ్బాలో ఏది వేయాలో నేర్పాలి. రోగి పేరు, జబ్బు బయట చెప్పబోనని రాతపూర్వకంగా హామీ తీసుకోవాలి. ఈ పనులేవీ ఆసుపత్రివి కావు, కళాశాలవి.

చోటు వెతికే భారం కూడా కళాశాలదే కావాలి. బోధనాసుపత్రి వైద్యవిద్యా సంచాలకుల పరిధిలోనిది, ఏరియా ఆసుపత్రులు వైద్య విధాన పరిషత్‌వి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కింద పనిచేస్తాయి. అదీగాక 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు సూర్యాపేట, కోదాడ కొత్త జిల్లాలోకి వెళ్లగా, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. ఏ సంతకం ఏ కార్యాలయంలో దొరుకుతుందో పెద్దవాళ్లకే అంతుచిక్కని చోట, ఇరవై ఏళ్లు నిండని విద్యార్థి చేతిలో బోనఫైడ్ కాగితం పెట్టి పంపి, అతడు తిరిగి తిరిగి ఉత్తచేతులతో వస్తే ఇక్కడ ఇంటర్న్‌షిప్‌లు లేవని తీర్మానించడం అన్యాయం. ప్రిన్సిపాల్ స్థాయిలో ఏడాదికి ఒక్క ఒప్పందం రాసుకుంటే తీరే సమస్య ఇది.

క్రెడిట్ ఇచ్చే పద్ధతిలోనే అసలు లోపం ఉన్నది. కోదాడ దాటగానే వచ్చే ఆంధ్రప్రదేశ్‌లో 2020–21 నుంచి డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అయితే గంటలు ఎన్ని పెంచినా, ఆ గంటల్లో ఏమి జరిగిందో చూసేవారు లేకపోతే కాగితమే మిగులుతుంది. వీడియోలు చూపి, నాలుగు బహుళైచ్ఛిక ప్రశ్నలు అడిగి ఇచ్చే ఆన్‌లైన్ సర్టిఫికెట్‌ను ఆరోగ్యరంగ ఇంటర్న్‌షిప్‌గా అంగీకరించడం విద్యార్థిని మోసగించడమే, ఎందుకంటే రేపు ఉద్యోగమిచ్చే ల్యాబు యజమాని గొట్టం చేతికిచ్చినప్పుడు ఆ సర్టిఫికెట్ అక్కరకు రాదు. రోజువారీ దినచర్య పుస్తకం, అందులో ప్రతిరోజూ ఆసుపత్రి సిబ్బంది సంతకం, చివర ఒక చిన్న నివేదిక, దానిపై మౌఖిక పరీక్ష ఉండి తీరాలి. పర్యవేక్షించే అధ్యాపకుడికి ఈ పనిని వారపు బోధనా గంటల్లో లెక్కించాలి. అలా లెక్కించనంతకాలం ఎంత మంచి ఉపాధ్యాయుడైనా దాన్ని అదనపు చాకిరీగానే చూస్తాడు. 60 గంటలు పూర్తయ్యాయని క్రెడిట్లకు సంతకం పెట్టే అధ్యాపకుడు ఆ 60 గంటల్లో కనీసం రెండుసార్లు ఆ ల్యాబుకు స్వయంగా వెళ్లినట్టు అక్కడి రిజిస్టరులో నమోదై ఉండాలని విశ్వవిద్యాలయం నిబంధన పెట్టాలి.