మన్యపు బొటనవ్రేలు

ఏకలవ్యుని కథ మనకందఱకును తెలిసినదే. విద్య నేర్పని గురువు దక్షిణగా బొటనవ్రేలిని గైకొనెను. ఆ కథ విని మనము ద్రోణుని నిందింతుము, పిదప ఇంటికి పోయి సుఖముగా నిద్రింతుము. అరకులోయలోను, పాడేరు, పెదబయలు, ముంచంగిపుట్టు కొండలలోను ఆ దక్షిణ నేటికిని చెల్లింపబడుచున్నదని మేము చెప్పినచో కొందఱకు అతిశయోక్తిగా తోచును. నేడు వ్రేలిని కోయుట లేదు, నిజమే. గాజుపలకపై ఒత్తించుచున్నారు. బియ్యమునకు ఒత్తవలెను. పింఛనునకు ఒత్తవలెను. బ్యాంకులోని తన సొమ్మును తాను తీసికొనుటకును ఒత్తవలెను. ఏ ఒత్తునకు ఎంత వచ్చినదో, ఎంత పోయినదో ఒత్తినవానికి చెప్పు నాథుడు లేడు.

ఈ మాట యెత్తినంతనే అధికారవర్గమునుండి సిద్ధముగానున్న సమాధానమొకటి వచ్చును: "గిరిజనులకు చైతన్యము చాలదు, చైతన్యము కలిగింపవలెను." ఎంత తియ్యని మాట! దోషము దోచినవానిది కాదు, దోపిడికి గుఱియైనవానిది! చదువొక్కటియే రక్షకమైనచో, విశాఖపట్నములోను హైదరాబాదులోను పట్టభద్రులు ఫోనులో పోలీసు దుస్తులు తొడిగిన మోసగానిని చూచి గడగడ వణకి, జన్మమంతయు కూడబెట్టినది వానికేల సమర్పించుకొనుచున్నారు? "డిజిటల్‌ అరెస్టు" అనునది మన చట్టములో నెచ్చటను లేదని 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రియే ఆకాశవాణిలో చెప్పవలసి వచ్చినది. ఆ బోధ చదువురాని కొండదొరను ఉద్దేశించినది కాదు, చదువుకొన్న మనలను ఉద్దేశించినది. కావున చైతన్యమును గూర్చి కొండవారికి ఉపన్యసించుటకు ముందు మనము కొంచెము తలవంచుకొనుట మంచిది.

మన్యపు బొటనవ్రేలికొక చరిత్ర గలదు. ఉప్పును గుడ్డలను మూటగట్టుకొని కొండయెక్కిన షావుకారు తిరిగి దిగునప్పుడు చింతపండును పసుపును మాత్రమే తెచ్చుకొనలేదు. కాగితములపై వేలిముద్రలను గూడ తెచ్చుకొనెను. ఆ ముద్రలే భూములను మ్రింగినవి. తుదకు మదరాసు ప్రభుత్వమే 1917లో ఏజన్సీకొక చట్టము చేసి, ఏజెంటు అనుమతి లేనిదే గిరిజనుని భూమి ఇతరుల పాలు కారాదనియు, వడ్డీ నూటికి 24కు మించరాదనియు శాసింపవలసి వచ్చెను. 1970 నాటి మొదటి రెగ్యులేషనుతో ఆ కంచె మఱింత బిగిసినది. ఈ శాసనముల వెనుకనున్న న్యాయమొక్కటే: చదువలేనివాని వేలిముద్రయు, వాని సమ్మతియు ఒకటి కావు. నూఱేండ్లకు పూర్వము పరప్రభుత్వమునకు సైతము తట్టిన ఈ న్యాయమును నేటి యంత్రము మఱచినది. ముద్ర పడెనా, సమ్మతి కలిగినట్లే! ఇదియే మా ఫిర్యాదు.

కూలి మాట చూడుడు. గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియను రోడ్డు పనిలో కొండవారిచేత చాకిరి చేయించి న్యాయమైన కూలి యీయకుండుట, 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసుఠాణాపై దాడికి దారితీసిన కారణములలో నొకటి. నేడు కూలి యెగగొట్టుటకు బాస్టియను అక్కఱలేదు, సిగ్నలు లేకున్న చాలును. 2023 జనవరి 1 నుండి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప తక్కిన ఉపాధిహామీ పనులన్నింట కూలివాని హాజరును దినమునకు రెండుమాఱులు ఫోటో తీసి సెల్‌ఫోను ద్వారా పంపవలెనని విధించిరి. ఫోటో పోకున్న హాజరు లేదు. హాజరు లేకున్న కూలి లేదు. త్రవ్విన గుంట మాత్రము ఎదుట నోరు తెఱచుకొని యుండును! పోనీ, దీనితో మోసమైన ఆగినదా? సంబంధము లేని ఫోటోలను, ఫోటోకు తీసిన ఫోటోలను ఎక్కించుచున్నారని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే రాష్ట్రములకు వ్రాసినది. దొంగకు దారి దొరకినది, కష్టజీవికి దొరకలేదు. 2025 డిసెంబరులో ఆ చట్టమునకు బదులు పార్లమెంటు వేఱొక చట్టము చేసినది. అందును బయోమెట్రిక్‌ గుర్తింపు, మొబైలు పర్యవేక్షణ చేరియే యున్నవి.

టవర్లు వేయలేదా యని కొందఱు ప్రశ్నింతురు. వేసిరి. 2023 జూన్‌ 15న రాష్ట్రములోని మారుమూల ప్రాంతములకు 100 టవర్లను ఒకేమాఱు ప్రారంభించిరి. అందు 85 అల్లూరి సీతారామరాజు జిల్లావే. సంతోషమే. కాని సిగ్నలు కొండను చీల్చుకొని పోజాలదు. శిఖరమున దొరకినది లోయలో దొరకదు. కరెంటు పోయి బ్యాటరీ తీఱిన టవరునకును ఇనుపకొయ్యకును భేదము లేదు. కొండవారు రాళ్లు మోసి, పసుపు త్రవ్వి, కాఫీపండ్లు కోసి అరగదీసికొన్న వ్రేళ్లను యంత్రము గుర్తింపదు. పనిచేసిన చేతికే శిక్ష! బంగాళాదుంపను గూడ పట్టి యెఱుగని వ్రేలు మాత్రము దానికి సులభముగా దొరకును.

ఇట్టి చోట జనులు తెలిసికొనదగిన మొదటి సంగతి: యంత్రము పనిచేయలేదను నెపమున బియ్యము నిరాకరింపరాదు. వేలిముద్ర పడకున్నను, నెట్టు లేకున్నను అర్హుడైన వానిని వట్టిచేతులతో పంపరాదని 2017 అక్టోబరు 24న కేంద్ర ఆహారశాఖ రాష్ట్రముల కన్నింటికి ఉత్తరువు పంపినది. గిరిజన సహకార సంస్థ డిపో యెదుట "రేపు రమ్ము" అనిపించుకొని ఆరు మైళ్లు తిరిగి నడచిపోవు ముసలమ్మకు ఈ ఉత్తరువు సంగతి యెవరు చెప్పిరి? ఆ డిపో గోడపై దీనిని పెద్దయక్షరములతో వ్రాయించుటకెంత వ్యయమగును?

ఇక సొమ్ము మాట. దీనిని కొంచెము వివరముగా చెప్పక తప్పదు. సంతలలో చిన్న యంత్రముతో కూర్చుండు బ్యాంకు మిత్రులలో యోగ్యులు పెక్కుమంది యున్నారు. వారు లేకున్న కొండవాడు వంద రూపాయలకు ఘాటు దిగవలసి వచ్చును. ఐనను, అందులో దొంగకు మిక్కిలి అనుకూలమైన మాటయొకటి గలదు: "వేలు పడలేదు, మఱల పెట్టు." మొదటిమాఱే పడియుండవచ్చును, సొమ్ము పోయియుండవచ్చును. కావున ఒక వేలిముద్రకు ఒక రశీదు అనునది నియమము కావలెను. పడలేదన్నచో, పడలేదని తెలుపు చీటీనే యడుగవలెను. మిగిలిన సొమ్మెంతయో చూచుట వేఱు, సొమ్ము తీయుట వేఱు. ఏ పనికై వ్రేలిని అడుగుచున్నాడో ముందుగా చెప్పించుకొనవలెను. ఖాతాలో కోత పడి చేతికి నగదు రానిచో, లావాదేవీ దినము పోగా 5 దినములలో బ్యాంకు దానిని తిరిగి జమకట్టవలెను. అటుపై ఆలస్యమునకు దినమునకు 100 రూపాయలు బ్యాంకే చెల్లింపవలెనని 2019 సెప్టెంబరులో రిజర్వుబ్యాంకు విధించినది. ఖాతాదారుడు అడుగకున్నను బ్యాంకు దీనిని తానై చెల్లింపవలెను; చెల్లింపనిచో అడుగక తప్పదు. అడుగుటకు చేత రశీదుండవలెను. బ్యాంకు వినకున్న రిజర్వుబ్యాంకు ఫిర్యాదు సంఖ్య 14448 గలదు. యంత్రము పట్టుకొని కూర్చుండువారి పుట్టుపూర్వోత్తరములను బ్యాంకులు విచారించి తీరవలెనని అదే రిజర్వుబ్యాంకు 2025 జూన్‌ 27న చేసిన నిబంధనలు 2026 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినవి. నిబంధన పుస్తకమున నున్నది. సంతలోనికి ఎప్పుడు నడచి వచ్చునో చూడవలెను.

ఖాతాకు ఎవరి ఫోను సంఖ్య ముడివేయబడియున్నదో విచారించుట మఱియొక ముఖ్యకార్యము. ఖాతా తెఱచిన దినమున ఇంట ఫోను లేక, పొరుగువాని సంఖ్యయో దుకాణదారుని సంఖ్యయో వ్రాయించినవారు గలరు. సొమ్ము కదలినపుడెల్ల వార్త పోవునది ఆ సంఖ్యకే. దానిని మార్పింపక మఱి యెన్ని జాగ్రత్తలు చెప్పినను దండుగ. ఆధారు సంస్థవారు వేలిముద్రకు తాళము వేసికొను సదుపాయము కల్పించినారు. 1947కు ఫోను చేసి వివరమడుగవచ్చును. కాని పింఛను నాడును, బియ్యము నాడును ఆ తాళము తీయవలెను. తీయుటకు సొంత సంఖ్యయు సిగ్నలును కావలెను. పట్నములో పనికివచ్చు తాళము కొండపై యజమానినే బయట నిలుపును! ఇది మా హాస్యము కాదు, ఆ సదుపాయపు స్వభావము. వేలిముద్ర దొంగతనము వట్టి భయమని తలపకుడు. 2018లో తెలంగాణమున పెద్దపల్లి జిల్లాలో సిమ్‌కార్డులమ్ము నొకడు రిజిస్ట్రేషను దస్తావేజులపై ముద్రలను రబ్బరుతో పోతపోసి వేలకొలది సిమ్‌కార్డులు తెఱచి పట్టుబడెను.

చేత స్మార్టుఫోనున్న కొండయువకులకు రెండు మాటలు. సొమ్ము పుచ్చుకొనుటకు పిన్‌ అక్కఱలేదు. పిన్‌ అడిగెనా, పోవుచున్నది మీ సొమ్మే. బొఱ్ఱా దారిలో బొంగుచికెను అమ్మువారు యాత్రికుని ఫోనుతెఱపై కనబడు "చెల్లించితిమి" అను మాటను నమ్మక, తమ ఖాతాకు వచ్చిన వార్తను చూచుకొనవలెను. నిమిషములో అప్పిత్తుమను యాప్‌లను దరిజేరనీయకుడు; 1917 నాటి 24 అను అంకె వారి కంటికి అగపడదు. మోసము జరిగిన క్షణమున 1930కి ఫోను చేయవలెను. గంటలు గడచినకొలది ఆ సొమ్ము ఖాతానుండి ఖాతాకు పాఱిపోవును. అన్యుని దోషమువలన పోయిన సొమ్మును మూడు పనిదినములలో బ్యాంకునకు తెలిపినచో ఖాతాదారునకు నష్టము రారాదని 2017 జూలైలో రిజర్వుబ్యాంకు ఆదేశించినది.

ఈ మాటలన్నియు తెలుగున వ్రాయుచున్నాము. కువి మాటలాడు కోందులకును, ఆదివాసీ ఒరియా మాటలాడు కోటియలకును ఇవి చేరునది యెట్లు? బ్యాంకునుండి వచ్చు వార్త యింగ్లీషున వచ్చును! విశాఖపట్నములో టీకొట్టు బల్లపై నొక పెట్టె యుండును. పది రూపాయలు జమపడినను అది వీథి యంతయు వినునట్లు తెలుగున అఱచి చెప్పును. వర్తకునకు వచ్చిన పదింటికి నోరున్నది. గదబ ముసలమ్మ ఖాతానుండి పోవు నాలుగువేలకు నోరేల యుండరాదు? వేలిముద్ర పుచ్చుకొను ప్రతి యంత్రమును ఎంత తీసినదో, ఎంత మిగిలినదో ఆమె భాషలో ఆమె చెవికి వినబడునట్లు పలుకవలెను. పలికిన పిమ్మట ఆమె తల యూపిననే గాని సొమ్ము కదలరాదు. టీకొట్టు పెట్టెను చేసినవారికి ఇది అసాధ్యమని యెవరైన ననినచో మేము నమ్మము.

అది వచ్చులోపల పఠనమందిరములలో ఈ పత్రికను చదువు యువకులకు పనిలేదా? ఘాటు రోడ్డున ఉద్యోగమునకో, ఉపాధ్యాయత్వమునకో, కాఫీ మిరియాల బేరమునకో ప్రతి వారము ఎక్కువారు మీలో గలరు. 2017 నాటి ఆహారశాఖ ఉత్తరువును, 1930ని, 14448ని, "ఒక ముద్రకు ఒక రశీదు" అను మాటను నాలుగు పెద్ద అట్టలపై వ్రాసికొని పొండు. స్థానిక బాలురచేత కువిలోను, ఆదివాసీ ఒరియాలోను చదివించి, సంతలో దండోరా వేయింపుడు. పాడేరు సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ అధికారిని మేమడుగునది ఇంకొకటి: సిగ్నలు లేని ప్రతి గ్రామమున కాగితపు రిజిస్టరు నొకటి యుంచి, యంత్రము చెడిన దినమున అందలి వ్రాతయే చెల్లునని తమ సంతకముతో ఉత్తరువు ఇయ్యవలెను. వచ్చు నెల మొదటి తేదీన పింఛను పంచు ఉద్యోగి కొండయెక్కునాటికి ఆ రిజిస్టరు వాని సంచిలో నుండవలెను.